జాలికి జన్యువు సాక్ష్యం కావాలా?

ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడికి గుండె ఆపరేషన్ అయింది. బంధువులంతా బత్తాయిలు, కొబ్బరిబొండాలు పట్టుకుని ఆస్పత్రికి వరస కట్టారు. చూసే వేళ కాదన్న సెక్యూరిటీ మనిషితో గొడవపడి మరీ లోపలికి వెళ్లొచ్చారు. కొన్ని నెలల తర్వాత చిన్నవాణ్ణి తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్పించారు. అక్కడికి అతని భార్య, చెల్లెలు తప్ప ఇంకెవరూ పోలేదు. ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే "పని మీద హైదరాబాద్ వెళ్లాడు" అని చెప్పమని ఇంట్లో పిల్లలకు కూడా నేర్పారు.

ఆ చెల్లెలు హైదరాబాద్‌లో జన్యువైద్య విభాగంలో డాక్టరు. ఆమె మేనమామ సెషన్స్ జడ్జిగా రిటైరై చీరాలలో స్థిరపడ్డారు. ఈ సంవాదం వాళ్లిద్దరిది. మనుషులు కల్పితం. వాళ్లు ఎత్తే కేసులు, పరిశోధనలు, చట్టాలు మాత్రం నిజం.

"తేడా ఉంది కదమ్మా," అని మొదలుపెట్టారు మామయ్య. "గుండెజబ్బు పెద్దాడు కోరి తెచ్చుకున్నది కాదు. సీసా చిన్నాడు కోరి ఎత్తాడు."

"పెద్దన్నయ్య ఇరవయ్యేళ్లు రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు కాల్చాడు మామయ్యా. ఆస్పత్రిలో ఒక్కరైనా ఆ మాట ఎత్తారా? 'పాపం, వ్యాపారంలో ఒత్తిడి' అన్నారు. చిన్నన్నయ్యకి మాత్రం ఏ ఒత్తిడీ లేదన్నట్టు మాట్లాడారు."

"సిగరెట్ కాల్చి ఇంటికొచ్చి ఎవడూ పెళ్లాన్ని కొట్టడు."

ఆ మాటకి ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. వెంటనే జవాబు దొరికే మాట కాదు కూడా. రోగి ఒక్కడినే బాధపెట్టే జబ్బుకి మన జాలి తేలిగ్గా దొరుకుతుంది. పక్కవాళ్ల వీపు మీద వాతలు తేల్చే జబ్బుకి దొరకదు. ఇందులో అన్యాయం ఉందని అనుకునేవాళ్లు కూడా ముందు ఆ వాతల్ని చూడాలి. జడ్జి గారు తన ఉద్యోగకాలమంతా చూసింది వాటినే.

కాసేపటికి ఆమె వేరే దారిన వచ్చింది. "కవలల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద ఎన్నో దేశాల్లో పరిశోధనలు జరిగాయి. తాగుడికి బానిసయ్యే ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని తేలింది. మా తాతయ్య తాగేవాడు. నాన్న తాగేవాడు."

"నీదీ అదే రక్తం. మరి నువ్వెందుకు తాగవు?"

"తోడబుట్టినవాళ్లకి కూడా అన్ని జన్యువులూ ఒకటి కావు, సగటున సగమే కలుస్తాయి. అదలా ఉంచండి. పదిహేడో ఏట చిన్నన్నయ్య చేతికి మన ఇంటి పెళ్లిలోనే గ్లాసిచ్చారు. నా చేతికి ఎవరూ ఇవ్వలేదు. నేను తాగకపోవడం నా గొప్పతనమని నేనెలా చెప్పుకోను?"

ఈ ప్రశ్నకి జన్యుశాస్త్రంలో చక్కని ఉదాహరణ ఉంది. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో సుమారు మూడోవంతు మందికి ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ సరిగా పనిచేయదు. మద్యం శరీరంలో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని శుభ్రం చేసేది ఆ ఎంజైమే. అది కుంటుపడితే రెండు గుక్కలకే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, కడుపులో తిప్పుతుంది. అలాంటివాళ్లు తాగుడికి బానిసలయ్యే అవకాశం బాగా తక్కువ. డీఅడిక్షన్ వార్డుల్లో ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసే పనీ సరిగ్గా ఇదే, ఆ ఎంజైమ్‌ని అడ్డుకోవడం. ఒకరికి పుట్టుకతోనే దక్కిన రక్షణని ఇంకొకరికి మాత్రగా మింగిస్తున్నామన్నమాట. మొదటివాణ్ణి నిగ్రహం ఉన్న మనిషి అనీ, రెండోవాణ్ణి తాగుబోతు అనీ అనడంలో ఎంత న్యాయముందో చదువరులే ఆలోచించాలి.

మన ఇళ్లలో ఈ లెక్క మరీ విచిత్రంగా నడుస్తుంది. తాగేవాడి గురించి "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని ఒక పూట అంటారు. మరో పూట అదే మనిషిని చూపించి "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అంటారు. మొదటిది నిజమైతే తప్పు అతనిది కాదు. రెండోది నిజమైతే అతను మారగలడు. మనవాళ్లు మొదటి సామెతలోంచి నిరాశనీ, రెండోదాంట్లోంచి నిందనీ తీసుకుంటారు. క్షమనీ, ఆశనీ మాత్రం వదిలేస్తారు.

"సరేనమ్మా, సగం అన్నావు," అన్నారు జడ్జి గారు. "మిగతా సగం వాడిదేగా?"

"ఆ సగం అలా పంచేది కాదు మామయ్యా. ఒక మనిషిలో సగం జన్యువు, సగం మనసు అని కాదు దానర్థం. వేలమందిని పక్కపక్కన పెడితే వాళ్ల మధ్య కనిపించే తేడాలో ఎంత పాలు దేనిదన్న లెక్క అది. ఆ మిగతా సగంలోనూ పెరిగిన ఇల్లు, పక్క వీధిలో దుకాణం, చేతిలో డబ్బు, స్నేహితులు అన్నీ ఉంటాయి."

"అయితే దూబగుంట ఆడవాళ్లకి వెళ్లి చెప్పు ఈ లెక్క."

ఈ దెబ్బ గట్టిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలబడ్డవాళ్లు కూలి డబ్బంతా సారా ప్యాకెట్లకి పోయి, ఆ పైన దెబ్బలు తిన్న ఆడవాళ్లు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మొగుడి జన్యువుల్లో ఏముందో వాళ్లకి అనవసరం. రాత్రి అన్నం ఉందా, దెబ్బ పడిందా అన్నదే వాళ్లకి లెక్క.

కానీ మేనకోడలు ఆ ఉదాహరణని తన వైపు తిప్పుకుంది. "వాళ్లు పోయి ఎవరి మీద పడ్డారు మామయ్యా? మొగుళ్లని జైల్లో పెట్టమని ఊరేగింపులు తీశారా? సారా దుకాణం మూయించారు, వేలం పాటలు జరగకుండా అడ్డుకున్నారు. మనిషి చేతికి సారా అందకుండా చేస్తే మనిషి మారతాడని వాళ్లకి తెలుసు. మగాళ్ల జన్యువులు మారలేదు, దుకాణం మారింది. పబ్లిక్ హెల్త్ కాలేజీలో నేర్పే పాఠం కూడా ఇదే."

"ఆ సంపూర్ణ నిషేధం ఎన్నాళ్లు నిలిచింది? 1997లో ఎత్తేశారు."

"ఎత్తేసింది ఖజానా కోసం. ఆడవాళ్లు వద్దన్నారని కాదు."

ఇక్కడ జడ్జి గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఆయన మొండి మనిషి కాదు. తీర్పు రాసేముందు ఎదుటి లాయరు మాటని తన మాటల్లో ఒకసారి రాసుకునే అలవాటు ఉన్నవారు.

"నేను చెప్పేది ఒకటే," అన్నారు. "చేతిలో ఉన్నదానికి జవాబుదారీ, చేతిలో లేనిదానికి జాలి. లోకమంతా ఈ గీత మీదే నడుస్తుంది. చట్టమూ అంతే. 1843లో ఇంగ్లండ్‌లో మెక్‌నాటెన్ కేసులో గీసిన గీత ఐపీసీ 84లోకి వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22లో ఉంది. చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలియనంతగా మతి చెడితే నేరం కాదు. తనంతట తాను తాగి చేసినవాడికి మాత్రం ఆ మినహాయింపు లేదు. ఇందులో తప్పేముంది?"

"గీతలో తప్పు లేదు. ఎవరు గీతకి ఇటు, ఎవరు అటు అని మనం ఊహించేదాంట్లో తప్పుంది."

1988లో బెర్నార్డ్ వైనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి ఒక పరిశోధన ప్రచురించాడు. అంధత్వం, క్యాన్సర్, అల్జీమర్స్, గుండెజబ్బు, కాళ్లు చచ్చుబడటం, ఎయిడ్స్, మత్తుమందుల అలవాటు, ఊబకాయం వంటి పది స్థితుల్ని జనం ముందు పెట్టి ఏం అనిపిస్తోందని అడిగారు. వీటిలో మొదటి ఐదూ మన చేతిలో లేనివి అనుకున్నారు, జాలిపడ్డారు, సాయం చేస్తామన్నారు. చివర చెప్పిన మూడింటినీ స్వయంకృతం అన్నారు, కోపగించుకున్నారు, చేయి వెనక్కి తీసుకున్నారు. ఊబకాయం కోపం వచ్చే గుంపులో పడింది, గుండెజబ్బు జాలిపడే గుంపులో పడింది. ఈ రెండిటి మూలాలూ ఎంతగా పెనవేసుకుని ఉంటాయో తెలిసిన ఏ డాక్టరైనా ఆ ఫలితం చదివి బాధపడతాడు.

ఊబకాయం దగ్గర డాక్టరమ్మ ఎక్కువసేపు ఆగింది. ఆ ఆగడంలో న్యాయముంది. ఎందుకంటే జన్యువు ఏం చేయగలదో ఇంత కళ్లకి కట్టినట్టు చూపిన కథ మరొకటి లేదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుకల్లో లెప్టిన్ జన్యువుని కనిపెట్టింది. లెప్టిన్ అంటే కొవ్వు కణాలు మెదడుకి పంపే కబురు: "నిల్వలు చాలు, ఇక ఆకలి ఆపు" అని. మూడేళ్లకి కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ, సదఫ్ ఫారూఖీ బృందం పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల్ని పరీక్షించింది. అమ్మాయికి ఎనిమిదేళ్లు, బరువు 86 కిలోలు. ఆమెకి వరసకి తమ్ముడయ్యే పిల్లాడికి రెండేళ్లు, 29 కిలోలు. అమ్మాయి సరిగా నడవలేకపోయేది. ఇద్దరికీ ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు, అన్నం అందకపోతే గోల. రక్తం చూస్తే లెప్టిన్ దాదాపు లేదు. మేనరికం లాంటి దగ్గరి పెళ్లిళ్ల కుటుంబం కావడంతో చెడ్డ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి చేరింది. ఆ అమ్మాయికి రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టాక ఏడాదిలో పదహారు కిలోలకి పైగా తగ్గింది. ఆ ఫలితం 1999లో అచ్చయింది. ఆమె నిగ్రహం పెరిగిందనాలా? అదే పిల్ల, అదే ఇల్లు, అదే తల్లి. ఒక్క హార్మోన్ తేడా.

"ఇంకోటి వినండి," అంది మేనకోడలు. "2010లో ఇదే బృందం 300 మంది బాగా లావున్న పిల్లల డీఎన్ఏ చూసింది. కొందరిలో 16వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోయి ఉంది. ఆ పిల్లల్లో కొందరి పేర్లు అప్పటికే సంక్షేమశాఖ వాళ్ల ప్రమాద జాబితాలో ఉన్నాయి. ఎందుకో తెలుసా? తల్లిదండ్రులు కావాలనే కుక్కి తినిపించి పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానం. రిపోర్టు వచ్చాక ఆ పేర్లు తీసేశారు. ముందురోజు దాకా నేరస్థులు, మర్నాడు పాపం తల్లిదండ్రులు."

మామయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "అది వేరు. అలాంటి తీర్పు నేనిస్తే నాకు నిద్రపట్టదు," అన్నారు. ఆ తర్వాత, "కానీ అది ఎక్కడో ఒకరి సంగతి. ప్రతి బొద్దుపిల్లకీ ఊడిన ముక్క ఉండదుగా?"

"ఉండదు. చాలామందిలో వందల జన్యువులు తలా కాస్త తోస్తాయి. ఏ ఒక్కటీ రిపోర్టులో చూపించేంత పెద్దది కాదు."

"మరి హంతకుడి లాయరు రేపు నా దగ్గరికొచ్చి ఇదే చెబితే?"

ఆ లాయర్లు ఇప్పటికే కోర్టుల్లో ఉన్నారు. 1993లో నెదర్లాండ్స్‌కి చెందిన హాన్ బ్రూనర్ ఒక కుటుంబాన్ని వర్ణించాడు. ఆ ఇంట్లో కొందరు మగవాళ్లకి ఎంఏఓఏ అనే జన్యువు పూర్తిగా పాడైంది, వాళ్లు ఉన్నట్టుండి దాడులకీ, ఇళ్లు తగలబెట్టడానికీ దిగేవారు. పత్రికలు దానికి యోధుల జన్యువని పేరు పెట్టేశాయి. 2006లో అమెరికాలోని టెన్నెసీలో బ్రాడ్లీ వాల్డ్రూప్ తన భార్య స్నేహితురాల్ని కాల్చి చంపి, భార్యని కత్తితో నరికాడు. ఆమె బతికింది. 2009 విచారణలో అతని లాయర్లు ఎంఏఓఏ రిపోర్టుని, అతను చిన్నప్పుడు పడ్డ హింసని జ్యూరీ ముందు పెట్టారు. మరణశిక్ష పడే అభియోగం తగ్గి 32 ఏళ్ల జైలైంది. అదే ఏడాది ఇటలీలో ట్రీస్టే అప్పీలు కోర్టు ఒక హంతకుడి శిక్షలో ఇదే జన్యువు చూసి ఏడాది తగ్గించింది.

"చచ్చిపోయినావిడ జన్యువుల గురించి ఎవరూ అడగలేదు కదా," అన్నారు జడ్జి గారు. ఆయన గొంతులో కోపం దాచుకోలేదు.

ఈ విషయంలో మేనకోడలు ఆయన పక్షమే. ఎంఏఓఏ తక్కువగా పనిచేసే రకం యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఉంటుంది. వాళ్లలో అత్యధికులు ఈగని కూడా కొట్టరు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని చిన్నప్పటి నుంచీ వెంబడించిన పరిశోధన 2002లో ఒక కొత్త సంగతి చెప్పింది. ఆ రకం జన్యువుతో పాటు చిన్నతనంలో హింస కూడా తోడైనవాళ్లు అక్కడి మగపిల్లల్లో 12 శాతమే, కానీ హింసాత్మక నేరాల శిక్షల్లో 44 శాతం వాళ్లవే. తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్ని దీన్ని బలపరిచాయి, కొన్ని లేదన్నాయి. నిలబడిన మాట మాత్రం ఒకటుంది: పసివాణ్ణి కొట్టకుండా పెంచితే ఆ జన్యువు గురించి భయపడాల్సింది పెద్దగా లేదు.

"మీ జడ్జీల మీద కూడా పరీక్ష చేశారు మామయ్యా. 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. అమెరికాలో 19 రాష్ట్రాల నుంచి 181 మంది జడ్జీలు. అందరికీ ఒకే కల్పిత కేసు, ముద్దాయి సైకోపాత్. సగంమందికి మాత్రం అతని మెదడు, జన్యువుల లోపాన్ని నిపుణుడు వివరించిన సాక్ష్యం ఇచ్చారు. వినని జడ్జీలు సగటున దాదాపు 14 ఏళ్లు వేశారు. విన్నవాళ్లు 13కి కాస్త తక్కువ."

"ఒక ఏడాది తేడా. నేనైతే పెంచేవాణ్ణేమో. పుట్టుకతోనే అంతైతే వాడు బయటికొస్తే మళ్లీ చేస్తాడుగా?"

"ఆ జడ్జీల్లో కొందరు సరిగ్గా అదే రాశారు."

అప్పుడు మామయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. మాట్లాడబోయేది ఆయన ముందే అనుకున్నది కాదు. సొంత వాక్యం ఎటు తీసుకెళ్తుందో వినగానే ఆయనకే తెలిసింది.

"ఇదిగో, ఇక్కడికి ఇరవై నిమిషాల దారిలో స్టూవర్టుపురం ఉంది. నీకు తెలుసు. కొన్ని కులాలు పుట్టుకతోనే దొంగలని 1871లో తెల్లవాళ్లు ఒక చట్టం రాశారు. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకలవాళ్లని పట్టుకొచ్చి ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంట్లో పెట్టారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. మన చీరాల పొగాకు కంపెనీకి కూలికి కూడా అలాగే పంపారు. ఎవడో ఒకడు దొంగతనం చేశాడని కాదు, కడుపులో ఉన్న బిడ్డ కూడా రేపటి దొంగే అని. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. నేను సర్వీసులో చేరినప్పుడు కూడా, ఆ ఊరి పేరు చార్జిషీటులో కనిపిస్తే పోలీసు గొంతు మారేది. సాక్ష్యం ఉందా లేదా అని చూసేవాడు కాదు. ఊరి పేరే సాక్ష్యం. అమ్మాయ్, రక్తంలో ఉందన్న మాట ఒక్కసారి ఒప్పుకుంటే జాలి రాదు. రిజిస్టరు వస్తుంది."

మేనకోడలు ఈ మాటని కాదనలేదు. తన వృత్తి చరిత్రలోంచే ఇంకోటి చేర్చింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బక్ వర్సెస్ బెల్ కేసులో వర్జీనియా రాష్ట్రానికి క్యారీ బక్ అనే పేద అమ్మాయికి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్ చేయించే హక్కు ఇచ్చింది. తల్లికి మందబుద్ధి, కూతురికి మందబుద్ధి, మనవరాలికీ అదేనని వాదన. తర్వాత చరిత్రకారులు తవ్వితే క్యారీకి ఏ లోపమూ లేదని తేలింది. ఆ మనవరాలు బళ్లో మంచి మార్కుల జాబితాకెక్కిన పిల్ల. ఆ తీర్పు రాసినవాళ్లు తాము శాస్త్రం పక్షాన ఉన్నామనే నమ్మారు.

స్టూవర్టుపురాన్ని మార్చింది ఏ పరీక్షశాలా కాదు. కవి జాషువా కూతురు హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి అక్కడ పనిచేశారు. ఆ మనుషుల్ని మారలేని రక్తంగా చూసేవాళ్లైతే ఆ పనికి దిగేవారే కాదు. జడ్జి గారి వాదన లోతు ఇక్కడే ఉంది. ఒక మనిషిని బాధ్యుడని పిలవడంలో గౌరవం ఉంది, నువ్వు వేరేలా చేయగలిగినవాడివి అన్న నమ్మకం ఉంది. ఈ వ్యాసకర్తకి ఆ నమ్మకాన్ని వదులుకోవాలని లేదు.

"ఒప్పుకుంటున్నా మామయ్యా. నేను ఇన్నాళ్లూ అనుకున్నది వేరు. జబ్బు జన్యువుల్లో ఉందని చెబితే జనం నింద మానేస్తారని. నింద తగ్గుతుంది, నిజమే. కానీ దూరం పెరుగుతుంది. స్కిజోఫ్రెనియా మెదడు జబ్బని ప్రచారం చేసిన దేశాల్లో అది జీవశాస్త్రమని నమ్మినవాళ్లు రోగిని తిట్టడం తగ్గించారు. కానీ పక్కింట్లో ఉండనివ్వడానికి, బాగవుతాడని నమ్మడానికి ఇంకా వెనకాడారు. 2014లో యేల్ వాళ్లు మానసిక చికిత్స నిపుణుల్నే పరీక్షించారు. అదే రోగి కథని జన్యువులు, మెదడు రసాయనాల భాషలో చెబితే వాళ్లలో సానుభూతి తగ్గింది. మన దగ్గర మరీ. 'వాళ్ల వంశంలో ఉంది' అన్న మాట ఒకటి బయటపడితే ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధం తప్పిపోతుంది."

"మరి ఇంతసేపూ జన్యువు, జన్యువు అని నాతో ఎందుకు వాదించావు?"

"మీ దగ్గర హెల్త్ పాలసీ కాగితాలున్నాయా?"

బీరువాలోంచి తెచ్చారు. ఆమె మినహాయింపుల పేజీ తీసి ఇచ్చింది. సన్న అక్షరాలు, వరస నంబర్లు. పన్నెండోది మద్యపానం, మత్తుమందులు, ఏ వ్యసనానికైనా చికిత్స, వాటి పర్యవసానాలు. ఆరోది ఊబకాయం, బరువు తగ్గించే శస్త్రచికిత్స, కొన్ని షరతులు తీరితే తప్ప. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక పదాలివి. సరిగ్గా దానికి ముందు ఏడాది, 2018 ఫిబ్రవరిలో, ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో తీర్పిచ్చింది. గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బున్న మనిషికి, జన్యులోపాలకి చెల్లించం అన్న షరతు చూపించి కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆ వివక్ష రాజ్యాంగానికి విరుద్ధమంది కోర్టు. జన్యులోపం సాకుతో క్లెయిములు తిరస్కరించొద్దని ఆ మార్చిలోనే ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది.

"చూశారా? గుండె జన్యువుకి కోర్టు తలుపు తెరిచింది. తాగుడికి తలుపు మూసే ఉంది. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తీయండి. మానసిక వ్యాధి నిర్వచనంలో మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితులు కూడా ఉన్నాయి. ఇరవై ఒకటో సెక్షన్ ఏమంటుంది? శారీరక జబ్బుకి ఎలాగో మానసిక వ్యాధికీ అలాగే బీమా ఇవ్వాలని."

జడ్జి గారు ఆ రెండు కాగితాలనీ చాలాసేపు చూశారు. చట్టం చదివే మనిషికి పాత అలవాటు మేలుకుంది. "ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు," అన్నారు చివరికి. "ఈ పన్నెండో నంబరు మంచి బెంచి ముందుకొస్తే నిలబడకపోవచ్చు." ఇంతవరకూ తన తీర్పు జాలి గురించి అనుకున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నది జాలి కాదు, అరవై రోజుల చికిత్సకి ఎవరు డబ్బు కట్టాలన్న ప్రశ్న. ఆ డబ్బు కోసం చిన్నవాడి భార్య తన గాజులు తాకట్టు పెట్టిందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"వాడు దాన్ని కొట్టినదానికి మాత్రం వాడే జవాబు చెప్పాలి," అన్నారు. "అది నేను వదలను. మీ వదిన కేసు పెడతానంటే నేనే స్టేషనుకి తోడు వెళ్తాను."

"నేనూ వస్తాను. కానీ వార్డులో పడుకోవడానికి కూడా వాడు నిర్దోషి అని రుజువు కావాలని మాత్రం అనకండి. పెద్దన్నయ్యని ఎవరూ అడగలేదుగా."

ఆయన దానికి తలూపలేదు, కాదనీ అనలేదు. వేరే ప్రశ్న వేశారు. "ఆ కేంబ్రిడ్జ్ పిల్లల సంగతి. ముక్క ఊడిందని తేలినవాళ్లు బయటపడ్డారు. ఏమీ దొరకనివాళ్ల అమ్మానాన్నల సంగతేమిటి?"

"అదే నాకు రోజూ ఎదురయ్యేది. తల్లులు పిల్లల్ని తీసుకుని వస్తారు. లావు పిల్లలు, మాట రాని పిల్లలు, ఒకచోట కుదురుగా కూర్చోని పిల్లలు. పరీక్షకి రక్తం ఇచ్చి వారాల తరబడి ఎదురుచూస్తారు. 'రిపోర్టులో ఏమీ లేదమ్మా' అని చెబితే సంతోషించాలి కదా? కొందరు ఏడుస్తారు. ఏదో ఒక లోపం దొరికితే బాగుండేదని. దొరికితే ఆ కాగితం పట్టుకెళ్లి అత్తగారికి చూపించొచ్చు, నా పెంపకం తప్పు కాదని."

"నువ్వేం రాస్తావు ఆ రిపోర్టులో?"

"కారణం దొరకలేదు అని రాస్తాను. ఈ పరీక్షకి అందని కారణాలు చాలా ఉన్నాయని కింద ఇంకో వాక్యం రాస్తాను. తర్వాత ఆ అత్తగారి ఫోన్ నంబరు అడిగి తీసుకుంటాను."